పిక్చర్ ట్యూబుల పిచ్చి... మరి కొలువు సంగతేంటి?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడాది. కోఠి గుజరాతీ గల్లీ నుంచి పాత వీడియో కెమెరాల వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చోటి) బుల్లి పిక్చర్ ట్యూబులు తెచ్చి రాత్రంతా వాటితోనే గడుపుతున్నాడు. చిన్న పిక్చర్ ట్యూబు తనే డిజైన్ చేస్తాడట. ఏఐ కోర్సులో చేరమంటే వినడు. మా అన్నయ్య కొడుక్కి క్యాంపస్‌లోనే ఉద్యోగం వచ్చింది. రెండు దారులూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: పిక్చర్ ట్యూబులు చేసే కొలువులు ఇప్పుడు దాదాపు లేవు సార్. ఆ సంగతి మీ వాడికి మీకన్నా బాగా తెలిసే ఉంటుంది. కానీ వేడెక్కిన కేథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువరించే లోహపు కొస) నుంచి ఎలక్ట్రాన్లు రాబట్టి, సన్నటి కిరణంగా కూర్చి, గురి చూసి వదిలే పని ఎక్కడికీ పోలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనూ, రాడార్లలో, ఉపగ్రహాల్లో సిగ్నల్‌ని పెంచడానికి వాడే ట్రావెలింగ్ వేవ్ ట్యూబులోనూ అదే పని. పిలానీలో సీరీ (కేంద్ర ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థ), బెంగళూరులో డీఆర్‌డీఓ వారి ఎంటీఆర్‌డీసీ (మైక్రోవేవ్ ట్యూబుల పరిశోధన కేంద్రం), బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఇలాంటి ట్యూబుల మీద పనిచేస్తున్నాయి. పోస్టులు తక్కువ. ఎంటెక్, వీలైతే పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి.

ఇక ఏఐ. అమీర్‌పేట బోర్డులు చూస్తూనే ఉన్నాం కదా: మెయిన్‌ఫ్రేమ్, శాప్, హడూప్, ఇప్పుడిది. గణితం మీద పట్టున్నవాడికి మంచి దారే. నాలుగు నెలల సర్టిఫికెట్ పట్టుకెళ్లినవాడి సరుకు మాత్రం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. మీ వాడికి ఏఐ రాదని కాదు మీ దిగులు, అన్నయ్య ముందు తల దించుకోవాల్సి వస్తుందని. ఆ బరువు వాడి నెత్తిన పెట్టకండి.

ఒక రాత్రి వాడి పక్కన కూర్చోండి. ట్యూబు లోపల వెండిలా మెరిసే మరక ఏమిటని అడగండి. అది గెట్టర్ తాలూకు బేరియం పూత, లోపల మిగిలిన వాయువుల్ని పీల్చుకుంటుంది. పాలలా తెల్లబడిందంటే గాలి దూరినట్టే, ఇక ఆ ట్యూబు పనికిరాదు. కేథోడ్ ఎమిషన్ (వెలువడే ఎలక్ట్రాన్ల ధార) ఎంత, ఆ ధారని అదుపు చేసే గ్రిడ్‌కి ఎన్ని మైనస్ వోల్టుల దగ్గర తెర మీది చుక్క ఆరిపోతోంది, చుక్క వెడల్పెంత... ఇవన్నీ నోట్‌బుక్‌లో రాస్తున్నాడా? రాస్తుంటే రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచి ప్రాజెక్టు లేదు. ఊరికే వెలిగించి మురిసిపోతుంటే అది సరదా, అంతే.

సొంత ట్యూబంటే లోపలి గాలి తోడేసే హై వాక్యూమ్ పంపు కావాలి, అది ఇంట్లో తేలే పని కాదు. ఆ కిరణాన్ని వదిలే ఎలక్ట్రాన్ గన్ డిజైన్ మాత్రం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో సిమ్యులేట్ చేయొచ్చు. మీరు చెప్పే ఏఐకి కావాల్సిన కోడింగూ అందులోనే వచ్చేస్తుంది. ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష చదువు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమనండి.

మీరు గట్టిగా మందలించాల్సిన విషయం వేరే ఉంది. ఆ ట్యూబులకి వేల వోల్టులు కావాలి, స్విచ్ ఆపాక కూడా ఛార్జ్ నిలిచి ఉంటుంది. రాత్రిళ్లు ఒంటరిగా వద్దు, గాజు పగిలితే కంటికి తగలకుండా కాచే రక్షణ అద్దాలు లేకుండా అసలే వద్దు.