లప్పం పెట్టినా మళ్లీ తేలే స్లాబు పగుళ్లు

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ, ఇల్లు కట్టి పదిహేనేండ్లు దాటింది, మా పైన ఇంకో అంతస్తు లేదు ఒట్టి స్లాబే. హాల్ల సీలింగ్ గిలాబు మీద సన్నగ పగుళ్లు వొచ్చినయ్, రంగులేసినప్పుడల్లా పెయింటరు లప్పం పెడ్తడు, ఎండకాలం రాంగనే మళ్ల అదే జాగల తేల్తయ్. బెడ్రూముల ఒక పగులు పొంటి ఎర్రటి మరక గూడ ఉంది. మేమే రిపేర్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అక్కా, హాల్ పని మీరే చేసుకోవచ్చు గని బెడ్రూముది మాత్రం ముట్టకండి, ముందు దాని సంగతే చెప్త. ఆ ఎర్ర మరక లోపలి సలాక తుప్పు. పైనుంచి నీళ్లు దిగితే సలాక తుప్పు పట్టి ఉబ్బుతది, ఉబ్బినకొద్దీ కింది కాంక్రీటును బయటికి నెడ్తది, అందుకే పగులు సలాక పొంటి సక్కగ పోతది. పొడుగు కర్ర తీస్కొని పక్కకు నిలబడి మెల్లగ తట్టి చూడండి, గట్టిగ టక్కుమంటే పర్వాలేదు, డొల్ల సప్పుడు వొస్తే ఆ పెచ్చు ఎప్పుడైనా ఊడి పడ్తది. ఎట్లున్నా మంచం మాత్రం ఇయ్యాలనే అక్కడ్నుంచి జరపండి, పిల్లల్ని దాని కింద పండనియ్యకండి. ఇంజినీరుకో మంచి సుతారికో చూపిస్తే పెచ్చు తీసి, తుప్పు గీకి, సలాకకు తుప్పు ఆపే కోటింగ్ వేసి పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) తోని పూడుస్తరు, అయితే దానికంటే ముందు స్లాబు పైన వాటర్‌ప్రూఫింగ్ కావాలె, పైనుంచి నీళ్లు దిగుడు ఆగకపోతే కింద ఎంత ఖర్చు పెట్టినా దండగే.

ఇగ హాల్ పగుళ్లు. మన దిక్కు ఎండలకు స్లాబు పగటిపూట సాగుతది రాత్రి ముడుచుకుంటది, లప్పమేమో గట్టిపడే సరుకు, పైగా రెండు కోట్లు కలిపినా మిల్లీమీటరున్నర మందమే, అది సాగలేక అక్కడనే చీలుతది. పెయింటర్లు పగులు మీదికెల్లి రుద్ది పోతరు, నాకు నచ్చని పని అది. ముందు ఫ్యాన్ బంద్ చేసి, కండ్లకు అద్దాలు పెట్టుకొని, స్క్రాపర్ మూలతోని పగుల్ని ఇంగ్లీష్ వి అక్షరం లెక్క కొంచెం వెడల్పు చేయాలె. దుమ్ముంటే ఏదీ పట్టదు, బ్రష్ తోని మంచిగ దులపండి. దాంట్ల సాగే గుణమున్న అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ లోపలిదాకా దిగేటట్టు కూరండి, ఎంత వెడల్పు పగులుకు పనికొస్తదో డబ్బా మీద రాసుంటది. ఆరినంక జాలి లెక్కుండే ఫైబర్ మెష్ టేప్ అంటించి, దాని మీద పల్చగ లప్పం, ఉప్పు కాగితంతోని రుద్ది ప్రైమరు, రంగు. ఆరకముందే తొందరపడొద్దు, సగం పనులు అక్కడనే చెడిపోతయ్. స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే ఆ సాగుడు గూడ తగ్గుతది, ఇండ్లల్ల వేడి తగ్గించేటందుకు 2023ల మన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ గూడ తెచ్చింది.

ప్రశ్న: జడ్చర్ల మాది. పీఓపీ ఫాల్స్ సీలింగ్ ఫ్యాన్ చుట్టూ పగిలింది, ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: ఫ్యాన్ ఊగుడు పీఓపీకి తగుల్తుందేమో చూడండి తమ్ముడూ. హుక్కు అసలు స్లాబుల ఉండాలె, రాడ్డు చుట్టూ వేలు పట్టేంత సందు ఉండాలె. అది సరిచేసినంకనే టేప్ వేసి పూడ్పించండి. పీఓపీ నిమిషాలల్ల గట్టిపడ్తది, ఒక్కసారికి గుప్పెడే కలుపుకోండి.