పాత పత్రికల కట్టలు స్కాన్ చేయడానికి ఫోను సరిపోతుందా?

మీ మండల గ్రంథాలయంలో నిజాం కాలం నాటి పత్రికల కట్టలు, పాత పుస్తకాలు ఉన్నాయి, ఫోనుతో ఫోటోలు తీసి ఓసీఆర్ చేసి (అంటే ఫోటోలోని అచ్చును కంప్యూటరు చదివి వెతకగలిగే అక్షరాలుగా మార్చడం) ఆన్‌లైన్‌లో పెడితే చాలా అని అడిగారు. పుస్తకాలకు ఫోను చాలు, పత్రికలకు చాలదు. ఓసీఆర్ గురించి ఇప్పుడే తొందర వద్దు. అది ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు. పెళుసుబారిన కాగితాన్ని మాత్రం రెండోసారి విప్పే అవకాశం ఉండకపోవచ్చు. కాబట్టి ఫోటో, తేదీ, పేరు ఈ మూడూ మొదటిసారే సరిగా రావాలి.

ముందు లెక్క చూడండి. అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. డెమీ సైజు పుస్తకం పేజీ ఎనిమిదిన్నర అంగుళాల పొడవుంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోటో పొడవు 4,000 పిక్సెళ్లు. అంచులు కొంత వదిలినా అంగుళానికి 400 దాటుతుంది. 22 అంగుళాల పత్రిక పేజీకి అదే ఫోను 180 దగ్గరే ఆగిపోతుంది, వత్తులు కింది వరుసతో కలిసిపోతాయి. డబ్బా మీద 48, 108 అని రాసి ఉన్నా చాలా ఫోన్లు పిక్సెళ్లను గుంపులుగా కలిపి మామూలుగా 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తాయి. 24 మెగాపిక్సెల్ కెమెరా తెచ్చినా 270 దాకానే వస్తుంది. అందుకే పత్రిక పేజీని పైసగం, కిందిసగం విడివిడిగా తీయండి. మధ్యలో రెండు మూడు అంగుళాలు రెండు ఫోటోల్లోనూ పడాలి.

కెమెరాను స్టాండుకు బిగించి నిట్టనిలువుగా కిందికి చూసేలా పెట్టండి. ఒకే రకం ఎల్‌ఈడీ దీపాలు రెండు తీసుకుని పేజీకి చెరో పక్క 45 డిగ్రీల కోణంలో ఉంచండి. ట్యూబులైటు ఆపి కిటికీ మూయకపోతే ఒక అంచు నీలంగా, ఇంకో అంచు పచ్చగా వస్తుంది. ఫ్యాను కూడా ఆపాలి కనుక ఎండకాలంలో పొద్దున పూటే పని పెట్టుకోండి. ఫోటోలో నల్ల చారలు పడుతున్నాయంటే చవక ఎల్‌ఈడీ మినుకుతున్నట్టు. షట్టరు వేగాన్ని సెకనులో 1/50 లేదా 1/25 వంతుకు మార్చితే పోతాయి. పల్చటి కాగితంలో వెనక పేజీ అక్షరాలు కనిపిస్తే కింద నల్ల కాగితం పరచండి.

కాగితం విషయంలో చాలా నిదానం కావాలి. పత్రికల కాగితం కట్టెగుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లం వల్ల మడత దగ్గర మొదట విరుగుతుంది. మూల పట్టుకుని తిప్పొద్దు. కింద పల్చటి ప్లాస్టిక్ షీటు జొనిపి, పేజీ మొత్తాన్ని దాని మీద ఎత్తి తిప్పండి. సెల్లోటేపు అసలే వద్దు. దాని జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి దిగి అక్షరాల మీద గోధుమ రంగు మరకవుతుంది. చిరిగిన ముక్కలను ఉన్న చోటే చేర్చి ఫోటో తీసి, ఆ పేజీని విడిగా కవర్లో పెట్టండి. చెదల మట్టిని గీకకుండా, మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచుకు తుడవండి, ముక్కుకు మాస్కు ఉండాలి. బైండు చేసిన పుస్తకాన్ని పూర్తిగా తెరిచి అదిమితే వెన్ను విరుగుతుంది. వంద డిగ్రీలు తెరుచుకునేలా అట్టతో ఊయల లాంటి ఆధారం చేసి, ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ తీయండి.

ఎక్కువ మంది తప్పు చేసేది తేదీలో. నిజాం రాజ్యం పత్రికల మీద తరచు ఫసలీ (ఆ రాజ్యంలో సర్కారు వాడిన లెక్క) సంవత్సరం ఉంటుంది. అది అక్టోబరు మొదట్లో ఆజూర్ నెలతో మొదలవుతుంది. అందుకే ఇంగ్లిష్ సంవత్సరం రావాలంటే డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1335 ఫసలీ అంటే 1925 అక్టోబరు నుంచి 1926 అక్టోబరు దాకా. అక్షయ, ప్రభవ వంటి తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే చాలదు, అది 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. జాబితాలో, అచ్చులో ఉన్న తేదీని ఉన్నట్టే ఒక గడిలో, మార్చిన తేదీని ఇంకో గడిలో రాయండి.

జాబితాలో పుస్తకం, పత్రిక పేరు తెలుగు లిపిలోనే, యూనికోడ్‌లో రాయండి. పాత పుస్తకాలను స్కాన్ చేసిన ప్రభుత్వ ప్రాజెక్టు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో ఎక్కించారు. ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకని పరిస్థితి అలాగే వచ్చింది. ఫైలు పేరులో మాత్రం తెలుగు వద్దు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, పత్రిక, సంవత్సరం, నెల, తేదీ, నాలుగంకెల పేజీ సంఖ్య, ఈ వరుసలో పెట్టండి.

24 మెగాపిక్సెల్ పేజీ టిఫ్‌గా (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) 72 ఎంబీ ఉంటుంది, వెయ్యి ఫోటోలకు 72 జీబీ. రెండు హార్డ్ డిస్కులు కొని ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. స్కాన్‌టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అంచులు కోసి, వంకర సరిచేసి నలుపు తెలుపు చేసినా రంగు ఫోటోలు చెరపొద్దు. నలుపు తెలుపులో సన్నని తలకట్లు పోతాయి, మళ్లీ రావు.

ఇక ఓసీఆర్. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది, ఉచితం. పాత అచ్చుకు వచ్చేసరికి అరసున్న జారిపోతుంది, మ-య, ఖ-భ, ధ-థ తారుమారవుతాయి. వలపలగిలకను (పాత అచ్చులో ‘ర్’కు బదులు అక్షరం పక్కన వేసే ౯ గుర్తు) తొమ్మిది అంకెగా చదువుతుంది. అప్పటి అచ్చులో ‘ధమ౯ము’ అని ఉంటే మనకు కావలసింది ధర్మము. ౯ని గుడ్డిగా మార్చకండి. అక్షరం పక్కన ఉంటే వలపలగిలక, అంకెల మధ్య ఉంటే అంకె.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి, స్కాన్ అయ్యాక అసలు ప్రతులు పారేయకూడదని అందులో రాయించండి. కాపీరైటు రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, కనుక ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. పేరు లేని వ్యాసాలకు అచ్చయిన మరుసటి ఏడాది నుంచి లెక్క.

మొదలుపెట్టే ముందు కట్టల జాబితా రాసి, అవే సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులోనో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలోనో ఉన్నాయేమో చూడండి. ఎక్కడా లేనివి ముందు తీయండి. 1922లో నల్లగొండ నుంచి మొదలైన నీలగిరి పత్రిక సంచిక ఒక్కటి మీ కట్టల్లో కనబడినా మిగతా పని ఆపి అది ముందు తీయండి.