రక్తంలో క్రిముల్ని చంపే కరెంటు యంత్రం: కట్టిన డబ్బు వాపసు వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. నాలుగు నెలల క్రితం టీబీ అని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన మందులు వాడుతున్నారు. వాటితో వికారం, నీరసం ఎక్కువ కావడంతో దూరపు బంధువు ఒకాయన ఒక సమావేశానికి తీసుకువెళ్లారు. మణికట్టుకు పట్టీలు కట్టి సన్నని కరెంటు పంపితే రక్తంలోని క్రిములన్నీ చస్తాయని, టీబీకి, షుగరుకు పనిచేస్తుందని అక్కడ చెప్పారు. 38,500 రూపాయలు ఫోను ద్వారా కట్టి యంత్రం కొన్నాం. నాన్నగారు రెండు వారాలుగా మాత్రలు మానేశారు. దగ్గు మళ్లీ పెరిగింది. అమ్మినవారిని అడిగితే, చేతుల్లో రాగి గొట్టాలు పట్టుకునే 'జాపర్' ఇంకా మంచిదని, లేదంటే ఒక్కో క్రిమికి ఒక్కో ఫ్రీక్వెన్సీ పెట్టే పెద్ద యంత్రం తీసుకోమని అంటున్నారు. డబ్బు తిరిగి ఇవ్వమంటే, వాడిన వస్తువు వాపసు తీసుకునేది లేదంటున్నారు. 'ఇది వైద్య పరికరం కాదు' అన్న కాగితం మీద నాన్నగారి సంతకం చూపిస్తున్నారు. ఈ మూడింటిలో చట్టం ఒప్పుకునేది ఏది? మా డబ్బు వస్తుందా? రాకపోతే ఎవరికైనా సగం ధరకు అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: చట్టం సంగతి తర్వాత. ముందు నాన్నగారిని ఈ రోజే మందులిచ్చిన ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రెండు వారాలు మాత్రలు మానేసిన సంగతి డాక్టరుతో దాచకుండా చెప్పండి. కోర్సు మధ్యలో ఆపితే టీబీ క్రిమి మందులకు లొంగని రకంగా మారే ప్రమాదముంది. మిగిలిన మాత్రలు మీరే మళ్లీ మొదలుపెట్టకండి. ఎక్కడినుంచి, ఎలా మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. వికారం, నీరసం గురించి కూడా ఆయనతోనే మాట్లాడండి. ఆ రోజు డాక్టరు రాసిన చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి. దాని అవసరం రేపు మనకు ఉంటుంది.

ఇక మూడు యంత్రాల సంగతి. పెద్ద యంత్రం వెనుక ఉన్నది 1930లలో అమెరికాలోని శాన్ డియాగోలో పనిచేసిన రాయల్ రైఫ్ అనే ఆయన వాదన: ప్రతి క్రిమికీ దానిదే అయిన ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుందని, సరిగ్గా అదే పెడితే అది చస్తుందని. జాపర్ 1990లలో హల్డా క్లార్క్ అనే ఆమె ప్రచారంలోకి తెచ్చింది. 9 వోల్టుల బ్యాటరీ, సుమారు 30 కిలోహెర్ట్జ్ (సెకనుకు 30 వేల స్పందనలు), ఏడు నిమిషాలు పట్టుకుని కాసేపు ఆపి మళ్లీ పట్టుకోవడం, అంతే. క్రిమిని బట్టి ఫ్రీక్వెన్సీ మార్చే పనే లేదట. మీరు కొన్న మణికట్టు యంత్రం రాబర్ట్ బెక్ అనే ఆయన పద్ధతి, సెకనుకు సుమారు నాలుగు స్పందనలు. గమనించండి, రైఫ్ చెప్పింది నిజమైతే జాపర్ పనిచేయకూడదు. జాపర్ నిజమైతే రైఫ్ యంత్రానికి అంత ధర పెట్టక్కర్లేదు. ఒకదానినొకటి కొట్టేసే మూడు వాదనలను ఒకే మనిషి అమ్ముతున్నాడంటే, ఏ వాదననూ ఆయన పరీక్షించి చూడలేదనే అర్థం. వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదులో ఈ మాట తప్పకుండా రాయండి.

టీబీ క్రిములు ఊపిరితిత్తుల లోపల, కణాల్లో దాగి ఉంటాయి. చర్మం మీద పెట్టిన చిన్న బ్యాటరీ కరెంటు అక్కడికి వెళ్లి క్రిముల్ని మాత్రమే ఏరి చంపదు. అంత బలమైన కరెంటు పంపితే ముందు దెబ్బతినేది మన కణాలే. గాజు పాత్రలో క్రిములకు నేరుగా కరెంటు ఇచ్చిన ప్రయోగాలను చూపించి మనిషి శరీరానికి అంటగట్టడం ఈ అమ్మకందారులకు అలవాటు. అమెరికాలో కూడా వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇలాంటి జాపర్లు అమ్మిన సంస్థల మీద చర్యలు తీసుకుంది.

విద్యుత్తుతో వైద్యమే అబద్ధమని నేను అనడం లేదు. పేస్‌మేకర్ ఉంది, నొప్పులకు ఫిజియోథెరపీలో వాడే టెన్స్ యంత్రం ఉంది. కానీ దేనికి పరీక్షించి అనుమతి పొందారో దానికే ఆ అనుమతి. స్కూటరు లైసెన్సుతో లారీ నడపలేనట్టే, నొప్పి తగ్గించడానికి వచ్చిన అనుమతి చూపించి టీబీ తగ్గిస్తామని అమ్మడానికి వీల్లేదు.

'ఇది మందు కాదు, యంత్రం. మందుల చట్టం మాకు వర్తించదు' అని వాళ్లు తప్పక అంటారు. నమ్మకండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 'డ్రగ్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, ఆహారం తప్ప, శరీర నిర్మాణాన్ని గానీ అవయవాల పనిని గానీ ప్రభావితం చేసేందుకు ఉద్దేశించిన ఏ వస్తువైనా వస్తుంది. ఏ జబ్బులకు నయం చేస్తామని ప్రకటించకూడదో ఆ చట్టం షెడ్యూలులో ఉంది. టీబీ, షుగరు రెండూ అందులో ఉన్నాయి. ప్రకటన అంటే పేపర్లో వేసేదే కానక్కర్లేదు. కరపత్రం, లేబుల్, పెట్టె మీది కాగితం, నోటితో చేసిన ప్రకటన, చివరికి వెలుగు, శబ్దం, పొగ ద్వారా చేసిన ప్రచారం కూడా ప్రకటనే అని 1954లోనే రాశారు. సమావేశంలో మైకు పట్టుకుని చెప్పింది, వాట్సాప్‌లో పంపిన వీడియో దీని కిందికే వస్తాయి. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

రెండో చట్టం ఇంకా గట్టిది. జబ్బుకు చికిత్స కోసమని అమ్మే పరికరాలన్నిటినీ 2020 ఏప్రిల్ 1 నుంచి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 'డ్రగ్స్'గానే చూస్తున్నారు. 2017 మెడికల్ డివైజెస్ నిబంధనల ప్రకారం వాటిని ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. చికిత్స కోసం శరీరంలోకి శక్తిని పంపే యంత్రం కనీసం బి తరగతిలో పడుతుంది. బి తరగతికి 2022 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేకుండా అమ్మితే 3 నుంచి 5 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి.

కాబట్టి మూడింటిలో ఏది మంచిదన్న ప్రశ్న చట్టానికి అక్కర్లేదు. దేని మీద లైసెన్సు నంబరు ఉంది, ఏ జబ్బుకు ఉంది అని మాత్రమే అడుగుతుంది. టీబీ క్రిముల్ని చంపేందుకు అనుమతి పొందిన జాపర్ గానీ, రైఫ్ యంత్రం గానీ లేదు. మీ యంత్రం పెట్టె తిప్పి చూడండి: తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, దిగుమతి చేసిందైతే దిగుమతి లైసెన్సు నంబరు ఉండాలి. బదులుగా జీఎస్టీ పత్రం, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు), ఐఎస్ఓ ముద్ర, ట్రేడ్‌మార్క్, ఏదో దేశపు పేటెంటు చూపిస్తే అవేవీ జబ్బు తగ్గుతుందనడానికి ఆధారం కావు. పేటెంటు అంటే ఆలోచన కొత్తదని మాత్రమే.

సంతకం చేసిన కాగితం చూసి భయపడకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలోని అసలు మాటకు విరుద్ధంగా కింద మినహాయింపు రాయడం చెల్లదు. పైగా ఆ కాగితం వాళ్లకే ఎదురు తిరుగుతుంది. వైద్య పరికరం కాదని రాసి సంతకం తీసుకున్నవాళ్లు టీబీ తగ్గుతుందని ఎలా అమ్మారు?

మీకు డబ్బు తెచ్చిపెట్టేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. సరైన పరీక్ష లేకుండా ఫలితానికి హామీ ఇవ్వడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. 'పరీక్షించాం' అని వాళ్లంటే నిరూపించే భారం వాళ్లదే, మీది కాదు. ఇది చాలామందికి తెలియక, యంత్రం పనిచేయదని తామే నిరూపించాలేమోనని వెనక్కి తగ్గుతారు. యంత్రాన్ని ల్యాబుకు పంపిద్దామని వాళ్లు అంటే, కరెంటు వస్తోందా లేదా అన్నది వివాదం కాదని, క్రిములు చస్తాయన్న హామీయే వివాదమని చెప్పండి.

ముందుగా కంపెనీకీ, అమ్మినవారికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ధర, వడ్డీ, ఖర్చులతో పాటు మాత్రలు మానడం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కూడా అడగండి. ఆసుపత్రి చీటీ అక్కడే పనికొస్తుంది. వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. ఫోన్లోని ఆధారాలకు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు కూడా లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు ఇప్పించడం ఆయన పని కాదు గానీ, తనిఖీ చేసి సరుకు స్వాధీనం చేసుకునే అధికారం ఆయనదే. తోవ తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. పోలీసు కేసు కూడా వేయవచ్చు, కానీ అమ్మేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. అందుకని ముందు కమిషన్‌కే వెళ్లమంటాను.

ఒక జాగ్రత్త. 'మీరూ ఏజెంటుగా చేరండి, కమీషన్ వస్తుంది' అని వాళ్లు ఇచ్చిన ఫారం మీద సంతకం చేశారా? తిరిగి అమ్మడానికి కొన్నవారికి వినియోగదారు హోదా ఉండదు. ఆ మాట పట్టుకుని ఫిర్యాదు కొట్టేయించాలని చూస్తారు. సంతకం చేయకపోతే ఇక చేయకండి.

బంధువును ప్రతివాదిగా చేర్చాలా అని మీకు సందేహం రావచ్చు. డబ్బు ఆయన ఖాతాలో పడితే చేర్చక తప్పదు. నేరుగా కంపెనీ ఖాతాకు వెళితే ఆయన్ను సాక్షిగా పిలవడం మేలు. చాలాచోట్ల ఇలాంటివారు కూడా నమ్మి నష్టపోయినవారే.

చివరిగా, సగం ధరకు అమ్ముకోవడం. వద్దు. లైసెన్సు లేని పరికరం ఎవరు అమ్మినా నేరమే. పైగా ఆ యంత్రం, ఆ పెట్టె, ఆ లేబుల్ మీ కేసులో ముఖ్యమైన ఆధారం. ఇంకెవరి ఇంట్లోనో మరో రోగి దానిని నమ్మి మాత్రలు మానేస్తారు. యంత్రాన్ని ఉన్నదున్నట్టు పెట్టెలో పెట్టి బీరువాలో ఉంచండి. డబ్బు చేతికి వచ్చేదాకా కంపెనీకి కూడా తిరిగి పంపకండి.