సూది పెట్టే ముందే చేతి వేడి చూడు

చిరంజీవి అమ్మలూ,

నీ ప్రాజెక్టు సినాప్సిస్ మొత్తం చదివాను. ఆక్యుపంక్చర్‌లో వేడి పుట్టించే పద్ధతి, చల్లబరిచే పద్ధతి చర్మపు ఉష్ణోగ్రతను నిజంగా మారుస్తాయా అని కొలిచి చూడాలనుకోవడం నాకు చాలా నచ్చింది. మన రంగంలో "పేషెంటుకి వేడి తెలిసిందట" అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. అయితే నీ ప్లాన్‌లో సూది తిప్పడం గురించి రెండు పేజీలు ఉంటే, ఉష్ణోగ్రత కొలవడం గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. ఈ పనిలో కష్టమంతా కొలవడంలోనే ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నువ్వు ఎంచుకున్న పద్ధతులు రెండూ 1439 నాటి చైనా రచన 'జిన్ జెన్ ఫూ'లో ఉన్నవే. కొండకు నిప్పు పెట్టినట్టు వేడి పుట్టిస్తుందని మొదటిదాన్ని 'షావ్ షాన్ హువో' అన్నారు. సూది దిగే లోతును మూడు పొరలుగా అనుకుని, పైనుంచి కిందికి వెళ్తూ, ఒక్కో పొరలో తొమ్మిదిసార్లు గట్టిగా దించి మెల్లగా ఎత్తాలి. రెండోది 'తౌ తియన్ లియాంగ్' దీనికి పూర్తిగా ఎదురు. అడుగు నుంచి పైకి వస్తూ, ఒక్కో పొరలో ఆరుసార్లు గట్టిగా ఎత్తి మెల్లగా దించాలి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉన్న హెగు బిందువు దగ్గర చేస్తానని రాశావు. అక్కడ కండ పలచన, మూడు పొరలు సరిగ్గా కుదరవు. మోచేయి మడతకు బయటి చివర ఉన్న చూచీ బిందువు దగ్గర చెయ్యి, లోతు దొరుకుతుంది. ఏ బిందువు తీసుకున్నా గర్భిణులను ఈ ప్రాజెక్టులోకి తీసుకోకు.

ఒక విషయం బాగా గుర్తుపెట్టుకో. సంప్రదాయం చెప్పేది ప్రధానంగా పేషెంటుకు కలిగే వెచ్చదనం గురించి. ఆ అనుభూతి, చర్మం మీద థర్మామీటరు చూపించే అంకె ఒకటే కానక్కర్లేదు. లోపల వెచ్చగా ఉందని పేషెంటు చెబుతున్నప్పుడే వేళ్లు చల్లబడుతూ ఉండవచ్చు. కాబట్టి నీ షీటులో రెండిటికీ వేరువేరు గడులు పెట్టు. "వేడి తెలుస్తోందా?" అని అడగకు, అలా అడిగితే సగంమంది అవుననే అంటారు. "ఏమనిపిస్తోంది?" అని మాత్రం అడుగు. దె చీ, అంటే సూది పట్టినట్టు పేషెంటుకు తెలిసే అనుభూతి, వచ్చినప్పుడు చెప్పే బరువు, తిమ్మిరి, సలపరం కూడా వాళ్ల మాటల్లోనే రాసుకో.

ఇక చర్మం వేడెక్కడం వెనక ఏముందో చూద్దాం. చర్మపు ఉష్ణోగ్రత చాలావరకు అక్కడ పారే రక్తాన్ని బట్టే ఉంటుంది. వేళ్ల చివర్లలో ధమనుల నుంచి సిరలకు నేరుగా దారులున్నాయి. మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు వాటిని కాలువ లాకుల్లాగా మూస్తూ తెరుస్తూ ఉంటాయి. సూది దిగగానే ఒంటికి చిన్న ఉలికిపాటు, లాకులు మూసుకుంటాయి, వేళ్లు కాస్త చల్లబడతాయి. తర్వాత మనసు కుదుటపడే కొద్దీ అవి తెరుచుకుని వేళ్లు వెచ్చబడతాయి. సూది చుట్టూ వచ్చే ఎరుపు సంగతి వేరు, అక్కడి నరాల చివర్లు సీజీఆర్‌పీ లాంటి పదార్థాలు విడుదల చేయడం వల్ల చిన్న నాళాలు విప్పారతాయి. కాబట్టి సూది పక్కన ఒకచోట, అదే చేతి మధ్యవేలి కొసన, రెండో చేతి మధ్యవేలి కొసన, మూడుచోట్లా కొలువు. 1985లో 'పెయిన్' పత్రికలో ఎర్న్‌స్ట్, లీ ప్రచురించిన థర్మోగ్రఫీ (ఒంటి వేడిని చిత్రంగా తీసే పద్ధతి) పరిశోధనలో హెగు దగ్గర సూది పెడితే దూరంగా ఉన్న చోట్ల కూడా వెచ్చదనం కనిపించింది. రెండో చేతిని వదిలేస్తే ఇలాంటిది నీకు తెలియకుండానే పోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది నువ్వు గది గురించి ఏమీ రాయకపోవడం. మే నెలలో ఏసీ లేని గదిలో కూర్చోబెడితే వేళ్లు ముందే 35 డిగ్రీల దగ్గర ఉంటాయి. లాకులన్నీ తెరిచే ఉన్నాయి, ఇక పెరగడానికి చోటేదీ? నువ్వెంత చక్కగా చేసినా అంకె కదలదు, పద్ధతి పనిచేయలేదని రాసేస్తావు. మరీ చల్లటి గదిలో వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, అప్పుడూ ఏమీ కనబడదు. గదిని 23, 24 డిగ్రీల దగ్గర ఉంచు. ఫ్యాన్ ఆపు, ఏసీ గాలి చేతుల మీద నేరుగా పడనివ్వకు. మనిషి వచ్చాక కనీసం ఇరవై నిమిషాలు ఉంగరాలు, గాజులు తీసి, చేతులు గుండె ఎత్తులో పెట్టి ఊరికే కూర్చోవాలి. అంతకు రెండు గంటల ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. చేతులకు లోషన్, కొబ్బరినూనె రాసుకోకుండా రమ్మను. ఆడవాళ్ల విషయంలో నెలసరిలో ఎన్నో రోజో రాసుకో, అండం విడుదలయ్యాక ఒంటి వేడి కాస్త పెరుగుతుంది. ప్రతి మనిషినీ ప్రతిసారీ ఒకే వేళకు పిలువు, సాయంత్రానికి చేతులు వాటంతటవే వెచ్చబడతాయి.

స్పిరిట్ దూది సంగతి కూడా చూసుకో. తుడిచిన చోట స్పిరిట్ ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. అది పూర్తిగా ఆరి, చర్మం మామూలు వేడికి వచ్చాక మొదటి అంకె రాసుకో. సూది పట్టుకునే నీ చెయ్యి కూడా పక్కన ఆనకూడదు, అదీ వెచ్చనిదే.

కరోనా రోజుల్లో నుదుటి మీద పెట్టిన గన్ థర్మామీటరు వాడతానన్నావు. అందులో 'బాడీ' మోడ్ చర్మపు వేడిని చూపించదు, లెక్కకట్టి ఒంటి జ్వరంగా మార్చి చూపిస్తుంది. వాడక తప్పకపోతే 'సర్ఫేస్' మోడ్‌లో పెట్టి, ప్రతిసారీ ఒకే దూరం నుంచి కొలువు. నన్నడిగితే వేలికి అంటించి వేడి కొలిచే చిన్న సెన్సరు, థర్మిస్టర్ ప్రోబ్ మేలు, టేపు మాత్రం బిగించి చుట్టకు. థర్మల్ కెమెరా దొరికితే చాలా మంచిది. అసలు అంకెలో రెండు డిగ్రీల వరకు తేడా ఉండవచ్చు గానీ, ఒకే చిత్రంలో ఈ వేలికి ఆ వేలికి ఉన్న చిన్న తేడాను కూడా అది పట్టుకుంటుంది. మెరిసే సూది మాత్రం అందులో తప్పు వేడి చూపిస్తుంది, దాని మీద గురి పెట్టకు.

పోల్చి చూడటానికి నువ్వు రాసిన రెండు పద్ధతులూ చాలవు. ప్రశాంతంగా అరగంట కూర్చుంటేనే చాలామందికి చేతులు వెచ్చబడతాయి. అందుకని సూది లేకుండా కూర్చోబెట్టే రోజు ఒకటి, సూది పెట్టి తిప్పకుండా వదిలేసే రోజు ఒకటి కలుపు. అదే మనిషిని నాలుగు రోజులు వేరువేరుగా రప్పించు, ఏ రోజు ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించు. అంకెలు రాసే అమ్మాయికి ఆ రోజు ఏ పద్ధతో తెలియకూడదు. మధ్యలో తెర కట్టు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. వేళ్లు గబగబా చల్లబడి, ముఖం పాలిపోయి, చెమట పడితే అది చల్లబరిచే పద్ధతి ఫలించినట్టు కాదు, మనిషి స్పృహ తప్పబోతున్నట్టు. వెంటనే సూదులు తీసి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టు, మీ డాక్టరుని పిలువు. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకు సూది పెట్టకు. ఒక చెయ్యి మాత్రమే ఎప్పుడూ చల్లగా ఉండేవాళ్లు, వేళ్లు తెల్లగానో నీలంగానో మారేవాళ్లు వస్తే ప్రాజెక్టులో చేర్చుకోకుండా ముందు రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపు.

మొదటి వారం ఎవరికీ సూది పెట్టకు. నీ స్నేహితులను కూర్చోబెట్టి, సూది లేకుండానే అరగంటపాటు ఐదు నిమిషాలకోసారి వేళ్ల ఉష్ణోగ్రత రాసి, ఆ కాగితాలు నాకు వాట్సాప్‌లో పంపు. అవి చూశాక ఎంతమంది కావాలో మీ గైడ్‌తో ఫోన్‌లో మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మామయ్య