సూప్ మేకర్ కొనేముందు లోపలి గీతలు చూడండి

ప్రశ్న: ఇంట్లో ఉండేది ఇద్దరం. రాత్రిపూట అన్నం మానేసి సూప్ తాగుదామనుకుంటున్నాం. ముక్కలు, నీళ్లు పోస్తే తనే ఉడికించి మెత్తగా తిప్పే కరెంటు సూప్ మేకర్లు 1 లీటరు నుంచి 2 లీటర్ల దాకా ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: అట్టపెట్టె మీది లీటర్ల లెక్క పక్కన పెట్టి, జగ్గు లోపల ఉండే రెండు గీతలు చూడండి. పైది గరిష్ఠం, కిందిది కనిష్ఠం. మీకు కావలసిన గీత కిందిదే. 1.6 లీటర్ల జగ్గుల్లో చాలావాటికి అది 1.2, 1.3 లీటర్ల దగ్గర ఉంటుంది. అంటే ఎంత తక్కువ చేద్దామన్నా ఐదు గిన్నెల సూప్ దిగుతుంది. ఇద్దరూ చెరో గిన్నె తాగితే మిగతా మూడూ ఫ్రిజ్జు పాలే. కింది గీత 700, 800 మి.లీ. దగ్గర ఉన్న చిన్న జగ్గు మీకు సరిపోతుంది. గీత కంటే తక్కువ పోసి నెట్టుకొద్దామంటే కుదరదండీ. బ్లేడు సరిగా మునగక ముక్కలు ముక్కలుగానే మిగులుతాయి, అడుగున పలచగా ఉన్నది మాడుతుంది.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో మోటారు, బ్లేడు మూతకే ఉంటాయి, హీటరు జగ్గు అడుగున ఉంటుంది. రెండోది మిక్సీలాగా బ్లేడు కింద ఉన్న గాజు జార్. సూప్ కోసమే అయితే మొదటిది మేలు. మూత తీస్తే జగ్గు ఖాళీ గిన్నెలా ఉంటుంది, చెయ్యి పెట్టి తోమవచ్చు. జ్యూసులకూ స్మూతీలకూ కావాలంటే రెండోది చూడండి. కానీ దాని బ్లేడు కింద ఇరుక్కున్న ఆకు పీసులు తీయడం విసుగు పుట్టిస్తుంది.

బటన్లు ఎన్ని ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు. మెత్తటి సూప్, ముక్కల సూప్, విడిగా తిప్పే బటన్ ఉంటే చాలు. ఇంకొకటి అడిగితే వేయించే బటన్ ఉన్నది అడగండి. ఉల్లి, వెల్లుల్లి నీళ్లలో ఉడికితే మన నోటికి పచ్చివాసనే. ఆ బటన్ లేకపోతే చిన్న మూకుడులో చెంచాడు నూనెతో వేయించి జగ్గులో వేసుకోవచ్చు.

ప్రశ్న: టమాటా సూప్ చేసిన ప్రతిసారీ అడుగు మాడి వాసన వస్తోంది. పైగా క్యారెట్ ముక్కలు పలుకుగా మిగులుతున్నాయి. మిషన్ లోపమా?
– ఓ గృహిణి, ఖమ్మం

జవాబు: మిషన్ లోపం కాకపోవచ్చు. మొదట్లోనే కార్న్‌ఫ్లోర్ గానీ పాలు గానీ పోస్తున్నారేమో చూసుకోండి. ముక్కల సూప్‌లో అయితే బ్లేడు దాదాపు తిరగదు. మెత్తటి సూప్‌లో కూడా మొదటి పది పన్నెండు నిమిషాలు ఎక్కువగా వేడే నడుస్తుంది. ఆ సమయంలో పిండి అడుగుకు దిగి హీటరు పళ్లేనికి అట్టులా అంటుకుంటుంది. పాలైతే పొంగుతాయి కూడా. చిక్కదనానికి చిన్న బంగాళాదుంప ఒకటి వేస్తే కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. పాలు, మీగడ సూప్ పూర్తయ్యాక కలపండి.

క్యారెట్ సంగతి వేరు. పులుపులో కూరగాయ ఆలస్యంగా మెత్తబడుతుంది. టమాటాలతో కలిసి ఉడికే క్యారెట్‌ను 2 సెం.మీ. ముక్కలు కాకుండా అర సెంటీమీటరు చక్రాలుగా కోయండి. 1.6 లీటర్ల జగ్గుకు కొలత ఇది: 700 గ్రాముల టమాటాలు, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, 600 మి.లీ. వేడి నీళ్లు. ముందు నీళ్లలో సగం పోసి, తర్వాత ముక్కలు, ఆపైన మిగతా నీళ్లు. అడుగు పొడిగా ఉండగా ముక్కలు పడితే మాడటం అక్కడే మొదలవుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన బఠాణీలు గడ్డగా వేయకండి. గడ్డ కరిగేదాకా జగ్గు వేడెక్కదు, ఈలోగా టైమరు మాత్రం నడిచిపోతుంది.

ప్రశ్న: పప్పు వేస్తే మధ్యలో ఆగిపోయి బీప్‌మని మోగుతోంది. మునగాకు వేస్తే బ్లేడు బిగుసుకుంటోంది.
– ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: మూత తిప్పి చూడండి. చాలా మోడళ్లలో బ్లేడు పక్కన పొట్టి స్టీలు కడ్డీ ఒకటి వేలాడుతుంటుంది. నురగ పైకొచ్చి దానికి తగిలితే పొంగుతోందని హీటరు ఆగుతుంది. పప్పు నురగ ఆ పని చేస్తోంది. పెసరపప్పు 100 గ్రాములకు మించకుండా తీసుకుని, మూడు నాలుగు నీళ్లు కడిగి, అరగంట నానబెట్టండి. పై గీతకు 200 మి.లీ. తక్కువగా నింపి, అర చెంచా నెయ్యి వేయండి. నురగ అణుగుతుంది. ఆ కడ్డీకి పాత సూప్ ఎండి అంటుకుని ఉన్నా ఇదే గోల, తడిగుడ్డతో తుడవండి. కందిపప్పు ప్రెషర్ లేకుండా, ఈ మిషన్ నడిచే 25 నిమిషాల్లో మెత్తబడదు. కుక్కర్లో ఉడికించాకే వేయండి. రాజ్మా అయితే బాగా నానబెట్టి, కుక్కర్లో పూర్తిగా ఉడికినవే వేయాలి. సగం ఉడికిన రాజ్మా కడుపును పాడుచేస్తుంది.

మునగాకులో ఈనెలన్నీ దూసేసి ఆకు మాత్రమే వేయండి. ఈనెలు తాడులా బ్లేడు కాడకు చుట్టుకుంటున్నాయి. మునక్కాయ ముక్కలు అసలు వద్దు. విడిగా ఉడికించి చెంచాతో గుజ్జు గీకి కలుపుకోండి.

ప్రశ్న: మాది బోరు నీరు. జగ్గు అడుగున తెల్లటి పొర కట్టింది, ఈమధ్య వేడెక్కకుండానే ఆగిపోతోంది.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ పొర వేడిని సూప్‌కు అందనివ్వదు. పళ్లెం అతిగా వేడెక్కి రక్షణ స్విచ్ పడిపోతుంది. ప్లగ్గు తీసి అరగంట చల్లారనివ్వండి. తర్వాత అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి జగ్గులో పోసి, ఇరవై నిమిషాలు ఉంచి, మెత్తటి స్పాంజితో రుద్దండి. నాన్‌స్టిక్ పూతకు స్టీలు పీచు తగలనివ్వకండి. మాడు అయితే నిమ్మ ఉప్పుకు లొంగదు. వంటసోడా నీళ్లు రాత్రంతా ఉంచాలి. జగ్గును మాత్రం ఎప్పుడూ కుళాయి కింద బోర్లించి కడగకండి. కరెంటు అందే భాగంలోకీ మూతలోని మోటారులోకీ నీరు పోతే బాగు చేయించే ఖర్చుకు కొత్తదే వస్తుంది.

ప్రశ్న: అమెరికా నుంచి అబ్బాయి సూప్ మేకర్ తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుందా?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: వద్దనండి. అక్కడిది 120 వోల్టులది, మనది 230. నేరుగా పెడితే హీటరు మీద మూడున్నర రెట్లకు పైగా భారం పడి కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొంటే ఆ బరువే కిలోలకొద్దీ ఉంటుంది. బ్రిటన్ నుంచి తెచ్చేదైతే వోల్టేజీ సరిపోతుంది, ప్లగ్గుకు అడాప్టరు చాలు. 1000 వాట్ల మిషన్ 4.3 ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి మామూలు 6 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. ఇళ్లలో వాడే చిన్న ఇన్వర్టర్ మాత్రం దాన్ని మోయలేదు. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక అడుగు నుంచి ఒకసారి గరిటెతో కలిపి అప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: కుక్కరు, హ్యాండ్ బ్లెండరు ఉన్నాయి. సూప్ మేకర్ కొనడం దండగా?
– ఓ ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: మీకు దండగే. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేని పెద్దవాళ్లకూ, గ్యాసు లేని హాస్టల్ గదికీ అయితే పనికొచ్చే వస్తువు. కూరగాయలకు గ్లాసు నీళ్లు పోసి రెండు మూడు విజిళ్లు రానిచ్చి, ప్రెషర్ దిగాక బ్లెండరుతో తిప్పితే అదే సూప్. బ్లెండరు కాడ స్టీలుదై ఉండాలి, తల పూర్తిగా మునిగాకే స్విచ్ నొక్కాలి. లేకపోతే వేడి సూప్ ముఖాన చిందుతుంది. మిక్సీలో వేసేటట్లయితే చల్లార్చి, జార్ మూడోవంతే నింపండి. వేడి ఆవిరికి మూత ఎగిరిపోతుంది.