మేనకోడలికి, కొత్త టెలిస్కోపు గురించి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. వారం రోజులుగా కొత్త టెలిస్కోపుతో మేడ మీద అవస్థ పడుతున్నాననీ, మసక తప్ప ఏమీ కనబడక అమ్మేద్దామనుకుంటున్నాననీ రాశావు. అమ్మెయ్యకు తల్లీ. ఫొటో చూశాను, 70 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు, 700 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం. నేర్చుకోవడానికి అది చాలు. నేను మొదట కొన్నది అంతకంటే చిన్నది.

డబ్బా మీద 525 రెట్లు అని వేశారు కదా, దాన్ని నమ్మకు. ఆ లెన్సు మహా అయితే 140 రెట్ల వరకు లాగుతుంది. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది కానీ అలుక్కుపోతుంది. నేనూ అలాగే బొమ్మను ఇంకా పెద్దది చేసే బార్లో లెన్స్ పెట్టి పది రోజులు గురుడి కోసం వెతికాను. కనబడిందల్లా వణికే తెల్లటి ముద్ద. నువ్వు 25 అని రాసి ఉన్న ఐపీస్, అదే కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు, ఒక్కటే పెట్టు. 700ని 25తో భాగిస్తే 28 రెట్లు. గెలీలియో 1610లో గురుడి చంద్రుళ్ళను చూసినప్పుడు ఆయన గొట్టం సుమారు 20 రెట్లదే.

ముందు పగటిపూట ఒక పని చెయ్యి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని పెద్ద గొట్టంలో మధ్యకు తెచ్చి, పైనున్న ఫైండర్, అంటే గురి చూసే చిన్న గొట్టం, మరలు తిప్పుతూ అందులోనూ అదే కొస మధ్యకు వచ్చేలా సరిచెయ్యి. ఇది చెయ్యకపోతే రాత్రి ఏ చుక్కా దొరకదు. నీ కష్టం సగం ఇదేనని నా అనుమానం. స్టాండు ఊగుతుంటే మధ్యలో ఇసుక సంచి వేలాడదియ్యి.

మొదట చంద్రుణ్ణే చూడు, కానీ పౌర్ణమి నాడు వద్దు. అప్పుడు వెలుగు సూటిగా పడి నీడలుండవు, అంతా తెల్లటి పళ్ళెంలా ఉంటుంది. పంచాంగంలో శుద్ధ సప్తమి, అష్టమి చూసుకో. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంతల అంచులు, కొండల నీడలు చెక్కినట్టు కనబడతాయి. చీకటి వైపు ఒక్కోచోట మెరిసే చుక్క ఉంటుంది, అది ఎండ తగిలిన కొండ కొన. అరగంట కదలకుండా అక్కడే చూడు. మొదటి నిమిషంలో కనబడనివి ఇరవయ్యో నిమిషంలో కనబడతాయి. కంటికి అలవాటు కావాలమ్మా, అది డబ్బుతో వచ్చేది కాదు.

తర్వాత గురుడు. పక్కన ఒకే వరుసలో నాలుగు చుక్కలు, ఒక్కోసారి మూడే. అవే గురుడి చంద్రుళ్ళు. నోటుబుక్కులో గీసి పెట్టుకో. మర్నాడు చూస్తే స్థానాలు మారిపోయి ఉంటాయి. వాటిలో అయో అనేది అయితే 42 గంటల్లో గురుణ్ణి చుట్టేస్తుంది. నేను మొదటిసారి ఆ మార్పు పట్టుకున్న రాత్రి మీ అత్తని నిద్ర లేపి మరీ చూపించాను.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. సూర్యుడి వైపు తిప్పకు, పిల్లల్నీ తిప్పనివ్వకు. సూర్యుణ్ణి చూడటానికని ఐపీస్‌కి బిగించే నల్ల ఫిల్టరు ఇచ్చి ఉంటే ఇవాళే పారెయ్యి. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని విశాఖ డాబాగార్డెన్స్ నుంచి ఖగోళ పరిశీలకుడు అంకితం వెంకట నరసింగరావు గారు చూశారు. మన పక్క ఊరి మనిషని నాకు గర్వం. నీకూ అలాంటివి చూడాలనిపిస్తే గొట్టం ముందు లెన్సుకి తొడిగే అసలైన ఫిల్టరు కొనుక్కుందాం.

మన తీరంలో తేమ ఎక్కువ. మంచుకి లెన్సు చెమరిస్తే తుడవకు, ఇంట్లో ఆరనిచ్చి అప్పుడు మూత పెట్టు. తడి మీద మూస్తే బూజు పడుతుంది.

మీ విజయనగరం వీధి దీపాల మధ్య చంద్రుడు, గురుడు, శని చాలు. మిగతావాటికి చీకటి కావాలి. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లన్నీ కూలి, కరెంటు లేక ఊరంతా ఏడుస్తున్న ఆ రాత్రుల్లో, పెరట్లోంచి పాలపుంత చూశాను. అంత బాధలో పైకి చూడటం తప్పేమో అనిపించింది, అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

సంక్రాంతికి రా, టెలిస్కోపు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకురా. రాత్రి పది దాటాక మా పెరట్లోంచి ఉత్తరాన రెండు పిడికిళ్ళ ఎత్తులో ధ్రువుడు, దక్షిణాన దాదాపు అంతే ఎత్తులో అగస్త్య నక్షత్రం. పిల్లలకోడి చుక్కలు, అవే కృత్తికలు, 28 రెట్లలో ఎన్ని కనబడతాయో నువ్వే లెక్కపెట్టి చెబుదువుగాని.

మీ మావయ్య