తుపాను సాయం సొమ్ముతో మందిరం కప్పు వేయించవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గరి గ్రామంలో సొసైటీగా రిజిస్టరైన చిన్న క్రైస్తవ సంఘం. నేను కోశాధికారిని. మొంథా తుపానుకు మందిరం రేకులు లేచిపోయాయి, ఒక పక్క గోడ కూలింది. మరమ్మతులకు 8 లక్షల రూపాయలు అవుతాయి. 24 లక్షలకు బీమా ఉన్నా కంపెనీ 4 లక్షల లోపే ఇచ్చింది. ఇళ్లు దెబ్బతిన్న సభ్యుల కోసమని కొందరు, మందిరం కోసమని కొందరు, ఏమీ చెప్పకుండా కొందరు కలిపి 6.5 లక్షలు పంపారు. అమెరికాలో ఉన్న మా ఊరి సహోదరుడు ఒకరు పాస్టరు గారి ఖాతాకు విడిగా పంపారు. ముందు కప్పు వేయించి, సభ్యులకు తర్వాత సర్దుదామని పెద్దలు అంటున్నారు. ఇది సరైనదేనా? ఇకపై ప్రీమియం మానేసి ఆ డబ్బు బ్యాంకులో దాచుకుంటే మేలు కాదా?

సమాధానం: ఇళ్ల కోసమని వచ్చిన సొమ్ములో ఒక్క రూపాయి కూడా, చేబదులుగానైనా సరే, మందిరం కప్పుకు వాడవద్దని పెద్దలకు గట్టిగా చెప్పండి. దాత ఒక పని చెప్పి ఇచ్చిన డబ్బుకు సంఘం కాపలాదారే తప్ప యజమాని కాదు. పైగా, తర్వాత సర్దడం అనేది కానుకల మీద ఆధారపడి ఉంటుంది. సార్వా వరి కోతకు వచ్చే వేళ నేలకు ఒరిగిన ఏడాదిలో, సభ్యుల చేతిలోనే డబ్బు ఆడనప్పుడు, దాళ్వా పంట ఇంటికి చేరేదాకా కానుకలు పెరుగుతాయని ఆశించలేం. అంటే టార్పాలిన్ కింద ఉన్న కుటుంబం వేసవి దాకా ఎదురుచూడాలి. అది నాకు ఏ విధంగానూ న్యాయంగా కనిపించడం లేదు.

వచ్చిన సొమ్మును ఇళ్ల సాయం, మందిరం మరమ్మతు, బీమా పరిహారం అని మూడు పద్దులుగా వేర్వేరుగా రాయండి. ఏమీ చెప్పకుండా పంపినవారి విషయంలో, మీరు పంపిన విజ్ఞప్తిలో ఏమని రాశారో ముందు చూడండి. కూలిన ఇళ్ల ఫోటోలు పెట్టి అడిగి ఉంటే ఆ డబ్బు ఇళ్లదే. విజ్ఞప్తి స్పష్టంగా లేకపోతే దాతలను ఒక్కొక్కరినీ అడిగి, వారి జవాబును మినిట్స్ పుస్తకంలో నమోదు చేసి, కమిటీ తీర్మానంతో ఖర్చు చేయండి. ఇళ్ల సాయాన్ని నగదుగా కాక కుటుంబాల బ్యాంకు ఖాతాలకే పంపండి. గ్రామ సచివాలయంలోని నష్టం జాబితాతో మీ జాబితాను సరిచూసుకుంటే, ఎవరి నుంచీ ఏమీ అందని ఇల్లు ఏదో ముందుగా తెలుస్తుంది. మీ సొసైటీకి ఆదాయపు పన్ను మినహాయింపు నమోదు ఉంటే, ఏడాది ఆదాయంలో 85 శాతం మార్చి 31లోగా ఖర్చు కావాలి, లేదా ఏ పనికోసం అట్టిపెడుతున్నారో నిర్దేశిత ఫారంలో తెలపాలి. దీన్ని మీ ఆడిటరుతో ఇప్పుడే మాట్లాడండి.

అమెరికా నుంచి వచ్చిన డబ్బు గురించి ఎక్కువ జాగ్రత్త అవసరం. కువైట్‌లో పనిచేస్తున్న మన ఊరి ఆడపడుచు భారత పౌరురాలిగానే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే, అమెరికా పౌరసత్వం తీసుకున్న వ్యక్తి పంపితే, ఆయన పుట్టింది మీ వీధిలోనే అయినా, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. అటువంటి విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. సంఘం కోసం పంపింది పాస్టరు గారి సొంత ఖాతాలో పడినంత మాత్రాన ఈ నిబంధన తప్పదు. నమోదు ఉన్న మరో సంస్థ ద్వారా మళ్లించుకునే వీలు కూడా 2020 సవరణతో పోయింది. ఆ సహోదరుడి పౌరసత్వం ఏదో కనుక్కోండి. అది తేలేదాకా ఆ డబ్బును తాకవద్దు.

ఇక బీమా. కంపెనీ మిమ్మల్ని మోసగించిందని అనుకోవడానికి మీరు రాసిన వివరాల్లో ఆధారం లేదు. మీ మందిరాన్ని ఈనాటి ధరలకు తిరిగి కట్టాలంటే 48 లక్షలు అవుతుందనుకుందాం. మీరు 24 లక్షలకే, అంటే సగానికే, బీమా చేశారు. అప్పుడు 8 లక్షల నష్టంలోనూ సగమే, 4 లక్షలే, లెక్కకు వస్తుంది. పాలసీదారు భరించాల్సిన కొంత మొత్తం అందులోంచి మళ్లీ తగ్గుతుంది. నష్టం 24 లక్షల లోపే కదా, అంతా రావాలి కదా అని చాలా కమిటీలు అనుకుంటాయి, కానీ లెక్క అలా సాగదు. అయినా, నష్టాన్ని అంచనా వేసిన బీమా సర్వేయరు నివేదిక ప్రతి అడిగి తీసుకుని, మందిరం విలువను ఆయన ఎంతగా కట్టారో చూడండి. ఆ అంకె ఎక్కువగా ఉందనిపిస్తే ఇంజనీరు అంచనా జతచేసి కంపెనీకి లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి.

2021 ఏప్రిల్ 1 నుంచి, ఒక చోట మొత్తం విలువ 5 కోట్ల రూపాయలు మించని ఆస్తులకు భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష అనే పాలసీ ఉంది. తుపాను, వరద రెండూ అందులో అంతర్భాగం. బీమా మొత్తం అసలు విలువకు 15 శాతం దాకా తక్కువైనా పరిహారంలో కోత పెట్టరు. అంటే 48 లక్షల మందిరానికి కనీసం 41 లక్షల బీమా ఉండి ఉంటే, ఈ పాలసీ కింద మీకు దాదాపు పూర్తి పరిహారం వచ్చేది, సభ్యుల సొమ్ము మీద పెద్దల చూపు పడే అవసరమే ఉండేది కాదు. ప్రీమియాన్ని దండగ ఖర్చుగా చూడవద్దని నేను చెప్పడానికి ఇదే ముఖ్య కారణం. మందిరానికి సరిపడా బీమా ఉన్నప్పుడే పేదల కోసం వచ్చిన సాయం పేదలకు చేరుతుంది.

ప్రీమియం డబ్బు దాచుకుని 48 లక్షలు కూడబెట్టడానికి దశాబ్దాలు చాలవు. ఈ డెల్టా 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 తుపానును, 2022 జూలై వరదను చూసింది, ఇప్పుడు మొంథాను చూసింది. అయితే కొంత నిల్వ అవసరమే. పాలసీదారు భరించాల్సిన భాగానికి, పరిహారం చేతికొచ్చేలోపు తాత్కాలిక మరమ్మతులకు సరిపడేంత మొత్తాన్ని సొసైటీ పేరున, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. ఒక బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల వరకు ఉండే డిపాజిట్ బీమా, ఊళ్లోని సహకార పరపతి సంఘంలో వేసిన డబ్బుకు వర్తించదు.

ఇప్పటికి బీమా పరిహారాన్ని, మందిరం కోసమని వచ్చిన విరాళాలను కలిపి ముందు కప్పు వేయించండి. గోడకు తక్కువ పడితే దానికోసమే మరో విజ్ఞప్తి చేయండి. తుపాను హెచ్చరిక వెలువడ్డాక కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు కాబట్టి, రాబోయే పాలసీ పునరుద్ధరణను గోదావరికి వరద నీరు రాకముందే, జూన్‌లోగా పూర్తి చేసుకోండి. ఇంజనీరుతో కొత్త అంచనా రాయించి, ప్రహరీ గోడ, పాస్టరు గారి నివాసం, మైకు సెట్టు, జనరేటరు పేర్లు పాలసీలో విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. స్థలం దస్తావేజు పాత మిషన్ పేరున ఉంటే, ఆ సంగతిని ప్రతిపాదన పత్రంలోనే రాసి ఇవ్వండి.